వాయుగుండమే కదా!

‘తుపాను కాదట, వాయుగుండమేనట’ అన్న మాట చెవిన పడగానే గుండె కుదుటపడుతుంది. ఆ నిశ్చింత ఎంత ప్రమాదమో 2020 అక్టోబరులో హైదరాబాద్ చూసింది. ఆ నెల 13న కాకినాడ దగ్గర తీరం దాటింది తీవ్ర వాయుగుండం మాత్రమే. దానికి పేరైనా లేదు. అయినా సముద్రానికి అంత దూరాన ఉన్న నగరంలో కాలనీలకు కాలనీలే మునిగాయి. ఘట్‌కేసర్ వైపు ఒక్కరోజులో 30 సెంటీమీటర్లకు పైగా కురిసింది. 2024 సెప్టెంబరు 1న కళింగపట్నం దగ్గర తీరం దాటిందయితే ఉత్త వాయుగుండం. ఆ వానలకే బుడమేరు పొంగి, విజయవాడ సింగ్ నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయింది.

వాతావరణ శాఖ పెట్టే ఈ పేర్లన్నీ గాలి వేగాన్ని బట్టే. గంటకు 31 కిలోమీటర్ల లోపయితే అల్పపీడనం, 49 దాకా వాయుగుండం, 61 దాకా తీవ్ర వాయుగుండం. 62కి చేరితేనే తుపాను. పేరు పెట్టేది అప్పుడే. 89 నుంచి తీవ్ర తుపాను, 118 నుంచి అతి తీవ్ర తుపాను, 167 నుంచి అత్యంత తీవ్ర తుపాను. 222కి చేరితే సూపర్ సైక్లోన్. 1999 అక్టోబరు 29న ఒడిశాను ఊడ్చేసింది అదే. వేటకెళ్లే పడవలకూ, కరెంటు స్తంభాలకూ, రేకుల ఇళ్లకూ, కొబ్బరి తోటలకూ ఈ లెక్క ఎంతో అవసరం. దాన్ని నేను తప్పుపట్టను. 2014లో హుద్‌హుద్ విశాఖలో చెట్లను పెకలించింది గాలితోనే.

కానీ వాన ఎంత పడుతుందో గాలి వేగం చెప్పదు. వాయుగుండం ఎంత నెమ్మదిగా కదులుతోంది, ఎంత తేమను లాగుతోంది అన్నవి చూడాలి. ఉప్పెన సంగతి వేరు. గాలితో పాటు తీరంలో సముద్రం లోతూ, పోటు వేళా కలిసి దాని ఎత్తును తేలుస్తాయి. 1977 నవంబరు 19న దివిసీమలో వేలమందిని మింగింది ఉప్పెనే.

వానకు ఎల్లో, ఆరెంజ్, రెడ్ అలర్టులనూ, ఉప్పెన అంచనాలనూ వాతావరణ శాఖ విడిగా ఇస్తూనే ఉంది. పత్రికల్లో, టీవీల్లో ఉన్న మనమే తుపాను పేరును పతాక శీర్షికకెక్కించి, మిగతాదంతా లోపలి పేజీకి నెట్టేస్తున్నాం. ఏ జిల్లాలో ఎంత వాన పడనుంది, ఏ వాగు పొంగవచ్చు, ఏ లంక గ్రామం ఎప్పటిలోగా ఖాళీ చేయాలి అన్నవి ముందు రావాలి. వాయుగుండం బలహీనపడిందని రాసే రోజున కూడా రెడ్ అలర్ట్ అమల్లో ఉంటే, మొదటి వాక్యం ఆ అలర్టే కావాలి.