ఫైటింగ్ కబుర్లు: వీపెక్కడం కాదు... వీపున ఉండటమే విద్య!

మన సినిమాల్లో విలన్ వెనకనుంచి వచ్చి హీరోని పట్టుకుంటే మనకేం బెంగ ఉండదు. ఒక్క మోచేతి పోటు... విలన్‌గారు ఎగిరి గడ్డివాములో పడతారు! హాల్లో ఈలలే ఈలలు! కాని బ్రెజిల్ వారి జియుజిత్సులో వెనక చేరినవాణ్ణి వదిలించుకోవడం అంత తేలిక కాదండోయ్!

"లెథల్ వెపన్" (1987) ఆఖరి ఫైట్ గుర్తుందా? మెల్ గిబ్సన్ తన కాళ్లతో గ్యారీ బ్యూసీ మెడ బిగిస్తాడే, ఆ విద్య నేర్పింది హోరియన్ గ్రేసీ. ఆయన తమ్ముడు హోయిస్. 1993 నవంబర్ 12న అమెరికాలోని డెన్వర్‌లో మొట్టమొదటి యు.ఎఫ్.సి. పోటీలు జరిగాయి. బరువు తరగతులు లేవు. బక్కపలచని హోయిస్ ఒకే రాత్రి ముగ్గుర్ని ఓడించాడు. ఫైనల్లో తనకంటే భారీ మనిషి జెరార్డ్ గోర్డోని కింద పడేసి, వీపుకి అతుక్కుని, మెడకు చెయ్యి చుట్టాడు. కథ కంచికి!

అంత పెద్దమనిషి విదిలించుకోలేదేం? వెనకవాడు కండబలంతో పట్టుకుంటాడనుకుంటే పప్పులో కాలేసినట్టే. ఒక చెయ్యి అవతలివాడి భుజం మీదుగా, రెండోది చంక కిందుగా పోనిచ్చి రొమ్ముమీద రెండూ కలిపి పడతాడు. దీన్నే "సీట్‌బెల్ట్" అంటారు. ఛాతీకీ వీపుకీ మధ్య గాలి దూరకూడదు. పాదాలు తొడల లోపలివైపు కొక్కేల్లా తగిలించాలి. పోటీల్లో ఇలా మూడు సెకన్లు నిలిస్తే 4 పాయింట్లు! కొత్తవాళ్లు పాదాలు రెండూ ముందు మెలివేస్తారు. అవతలివాడు వాటిమీద తన కాళ్లు వేసి నొక్కాడా, చీలమండ గోవిందా!

కిందివాడు ఊరుకుంటాడా? తన వీపుని నేలకి ఆనించి, నడుం పక్కకి జార్చి తప్పుకోవాలని చూస్తాడు. అతను జరిగితే మీరూ జరగాలి. ఒక కాలి కొక్కెం ఊడినా ఛాతీ మాత్రం ఊడకూడదు. వాలితే భుజం మీదుగా వేసిన చెయ్యివైపే వాలాలి. రెండోవైపు వాలితే అతనికి దారి ఇచ్చినట్టే. మొత్తం మీద ఇది బిగించడం కాదు, వెంటబడటం!

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఒక్కమాట. మెడకి రెండుపక్కలా రక్తనాళాలు నొక్కుకుపోతే కొద్ది సెకన్లలోనే స్పృహ తప్పుతుంది. గురువు లేకుండా హాస్టల్ గదిలో సరదాకి చేసే పని కాదు. అవతలివాడు చేత్తో తట్టాడా, తక్షణం వదిలెయ్యాలి. పట్టడం తెలిసినవాడు ఫైటరు, వదలడం కూడా తెలిసినవాడే హీరో!

వచ్చేవారం మరో పట్టుతో కలుద్దాం!