బడి దుస్తులు

పిల్లలూ! ఉదయం క్లెమెంటి వీధులను చూడండి. ఒక బడి పిల్లలందరూ ఒకే రకం దుస్తులు ధరిస్తారు. వారిలో ధనికులెవరో, పేదలెవరో తెలియదు. ఇది మంచి నియమము.

2002లో సింగపూరులో ఒకటో తరగతి ముస్లిం బాలికలు కొందరు తలగుడ్డ కట్టుకొని బడికి వచ్చారు. బడి వారు రానివ్వలేదు. ఒకే రకం దుస్తులు పిల్లలను కలిపి ఉంచుతాయని ప్రభుత్వము చెప్పినది. కాని సిక్కు బాలురు తలపాగాతో బడికి రావచ్చును!

2021 నవంబరు నుండి ప్రభుత్వ ఆసుపత్రులలో నర్సులు తలగుడ్డ కట్టుకొనవచ్చును. బడులలో నియమము మారలేదు.

తలపాగా తగినప్పుడు తలగుడ్డ ఎందుకు తగదు? నియమము అందరికీ సమానముగా ఉండవలెను. మన పెద్దలు సముద్రము దాటి వచ్చినా తమ ఆచారములు విడువలేదు. మన ఆచారమును ఇతరులు గౌరవించవలెనని కోరుతాము కదా! ఇతరుల ఆచారమును మనమూ గౌరవించవలెను.