రైలు లేని వూరికి స్టేషను

"తాతా, నాకొక స్టేషన్ కావాల" అంది మా మనవరాలు, రాత్రి భోజనాల దగ్గర.

సంగటి ముద్ద తుంచుతున్న మా ఆవిడ చెయ్యి అక్కడే ఆగిపోయింది. "మన పెద్దపంజాణికి రైలే లేదు గదే! రైలెక్కాలంటే కుప్పమో చిత్తూరో పోవాల. ఇంట్లో స్టేషన్ పెట్టుకుని ఏం చేస్తావు?" అంది.

పిల్ల నవ్వలేదు. నాకూ నవ్వు రాలేదు. అది అడుగుతున్నది సోల్డరింగ్ స్టేషన్ అని నాకు తెలుసు. ఎందుకు అడుగుతున్నదో కూడా తెలుసు.

సోల్డరింగ్ అంటే మరేం లేదు, మన పెద్దవాళ్లు మాటు వేయడం అనేవారే, అదే. తగరమూ సీసమూ కలిసిన సన్నటి తీగను కరిగించి రేడియోల్లోనూ, స్టార్టర్లలోనూ వుండే చిన్న చిన్న భాగాలను బోర్డుకు అతికిస్తారు. కరిగించే సాధనం కరెంటుతో కాలే ఒక కడ్డీ. ఆ కడ్డీ వేడిని ఎప్పటికప్పుడు కనిపెట్టి అదుపు చేసే పెట్టె కూడా తోడుంటే, ఆ జంటనే స్టేషన్ అంటారు.

ఇక జరిగిన సంగతి. మొన్న ఎండాకాలంలో ఎదురింటి ఆయన, నాకు వరసకు బావ, టమాటా పెట్టాడు. బోరు మోటారుకు సెల్‌ఫోన్‌తో నడిచే స్టార్టరు బిగించుకున్నాడు. ఒకనాడు అది పలకడం మానేసింది. "పాపా, నీకు ఇవన్నీ తెలుసు గదా, కాస్త చూడమ్మా" అని ఫ్యూజులు పీకి, లోపలి బోర్డు తీసుకొచ్చి పిల్ల చేతిలో పెట్టాడు. పదో తరగతి చదివే పిల్ల! దాని మొహం వెలిగిపోయింది. భూతద్దం పెట్టి వెతికి, రిలే అనే చిన్న డబ్బా కాలి దగ్గర మాటు చిట్లిందని కనిపెట్టింది. అంతవరకూ భేషు.

కానీ మాటు వేయబోతే తీగ కరగదు. కరిగినా అంటదు. పిల్ల కడ్డీని ఆనించి అట్లాగే అదిమి పట్టుకుంది. క్షణాలు కాదు, నిమిషం దాటింది. చివరకు బోర్డు మీది రాగి రేకు ముక్క చెక్క నుంచి లేచి వచ్చేసింది. బావ మరునాడు పలమనేరు వెళ్లి 1,800 రూపాయలు పోసి కొత్త బోర్డు తెచ్చుకున్నాడు. ఈ లోపల చేనుకు రెండు రోజులు నీళ్లు లేవు. ఆయన ఒక్కమాట అనలేదు. డబ్బు ఇవ్వబోతే తీసుకోనూ లేదు. అదే పిల్లకు ఎక్కువ బాధయింది. పదిహేను రోజులు ఆ సామాన్ల పెట్టె మూత తియ్యలేదు.

మీ ఇంట్లోనూ ఇటువంటి పిల్లలు వుండవచ్చు. 2016లో మొదలైన అటల్ ఇన్నోవేషన్ మిషన్ కింద దేశంలో ఎన్నో బడుల్లో టింకరింగ్ లేబొరేటరీలు పెట్టారు. టింకర్ అనే ఇంగ్లీషు మాటకు మొదటి అర్థం ఏమిటనుకున్నారు? వూరూరా తిరిగి గిన్నెలకు మాట్లు వేసేవాడనే! మా చిన్నతనంలో చింతచెట్టు కింద గుంత తవ్వి, తిత్తి వూది, ఇత్తడి గిన్నెలకు కళాయి పూసే మనిషి గుర్తొచ్చాడు నాకు. గిన్నె బాగా కాలాక నవాసారం చల్లేవాడు. గుప్పున తెల్లటి పొగ లేచేది. అప్పుడు తగరం పెట్టి దూదితో ఒక్క తిప్పు తిప్పితే గిన్నె లోపలంతా వెండిలా మెరిసేది. నవాసారం లోహం మీది మురికిని తినేస్తుంది, వేడి తగరాన్ని పరిపిస్తుంది. ఇప్పటి మాటు తీగ లోపల పైన్ చెట్టు బంకతో చేసిన రోజిన్ వుంటుంది. నవాసారం చేసే పనే ఇక్కడ అది చేస్తుంది. కళాయి మనిషి గిన్నె కాలకుండా ఏనాడూ తగరం ముట్టించలేదు. రహస్యమంతా అక్కడే వుంది.

పిల్ల తప్పేమిటో కనుక్కుందామని సాయంత్రం ఏడు గంటలకు మీటరు పెట్టి చూశాను. గోడలో 230 వోల్టులు వుండవలసింది 180 వుంది! వోల్టేజీ సగమైతే వేడి సగం కాదు, పావే అవుతుంది. ఆ లెక్కన 25 వాట్ల కడ్డీ మా ఇంట్లో సాయంత్రం పూట 15 వాట్ల కడ్డీ అన్నమాట. రిలే కాలు లావుపాటి రాగి పట్టీకి అతికి వుంది. వచ్చిన కాస్త వేడినీ ఆ పట్టీ పీల్చేసుకుంది. పైగా ఆ కడ్డీ మొన నల్లబడిందని అంతకు ముందే నేను గరుకు కాగితంతో రుద్దిపెట్టాను. వెనకటి రాగి మొనలను ఆకురాయితో రుద్దేవారు, సరే. ఇప్పటి మొనలకు రాగి మీద ఇనుప పూత వుంటుంది. ఆ పూత పోతే మొన పోయినట్టే. అంచేత సగం నేరం కరెంటుది, సగం నాది. పిల్లది కాదు.

మా ఆవిడకు ఇది చెప్పడానికి దోసె సాయం తీసుకున్నాను. "పెనం సరిగా కాలకుండా పిండి పోస్తే ఏమవుతుంది?" అన్నాను.

"అంటుకుపోతుంది. గీకితే ముక్కలవుతుంది."

"బాగా కాలితే?"

"చిటికెలో లేచి వస్తుంది."

"మాటు కూడా అంతే. చాలినంత వేడితో రెండు మూడు సెకన్లు ఆనిస్తే బోర్డుకు ఏమీ కాదు. చాలని వేడితో నిమిషం ఆనిస్తే బోర్డు పాడవుతుంది."

"ఇది ముందే చెప్పకూడదూ! కొనిపెట్టండి" అంది. ఇంటి ఆర్థికమంత్రి సంతకం పడింది.

పిల్లా నేనూ పలమనేరులో బస్సెక్కి ముళబాగిలు, కోలారు మీదుగా బెంగళూరు వెళ్లాం. సాదర్ పట్రప్ప రోడ్డంటే ఎలెక్ట్రానిక్ సామాన్ల అంగళ్లకు పేరు. అక్కడ మేము చూసి నేర్చుకున్నది చెబుతాను.

మూడు వందల లోపు దొరికేది సాదా కడ్డీ. పెద్ద కంపెనీ జపాను స్టేషన్లు చూస్తే పదివేలు దాటాయి. మధ్యలో రెండువేల దరిదాపుల్లో ఒక జాతి వుంది. జపానులోని హక్కో కంపెనీ ఒకప్పుడు 936 అనే స్టేషన్ చేసేది. అది ఎంత పేరు తెచ్చుకుందంటే, దాన్ని చూసి చేసిన వాటన్నింటి మీదా ఇప్పటికీ ఆ 936 అంకె కనిపిస్తుంది. వీటిలో చాలావాటికి పెట్టెలో ట్రాన్స్‌ఫార్మరు వుండి కడ్డీకి 24 వోల్టులే పంపుతుంది. కడ్డీలో వేడిని కనిపెట్టే సాధనం వుంటుంది. వేడి తగ్గితే కరెంటు ఎక్కువసేపు పంపుతుంది, పెరిగితే ఆపేస్తుంది. గోడలో వోల్టేజీ కొంత తగ్గినా మొన వేడి పెట్టినచోటే నిలుస్తుంది. మా వూరివంటి చోట ఈ ఒక్క గుణానికే రెండువేలు పెట్టవచ్చు.

సెల్‌ఫోన్ చార్జరు వంటి దానితో నడిచే చిన్న కడ్డీలూ వున్నాయి. లోపలి వేడి తీగె, మొన ఒకటే ముక్క కావడంవల్ల కొన్ని సెకన్లలోనే కాలుతాయి. కానీ వాటికి బలమైన చార్జరు వేరే కావాలి. మొన పోతే మార్చడానికీ ఎక్కువవుతుంది.

ఒక మోసం చూసుకోండి. కొన్ని చవక కడ్డీల పిడికి గుండ్రటి మర వుంటుంది. తిప్పితే అంకెలు కూడా కనిపిస్తాయి. కానీ వేడిని కనిపెట్టే సాధనం లోపల లేకపోతే అది మన గ్యాస్ పొయ్యి మర వంటిదే. మంట పెంచుతుంది, తగ్గిస్తుంది గాని పెనం ఎంత కాలిందో దానికేం తెలుసు?

అంగట్లో అడగవలసినవి నాలుగే. మొదటిది, దీని మొనలు విడిగా దొరుకుతాయా? మొన దొరకని స్టేషన్ వత్తి దొరకని దీపం. రెండోది, ఉలి ఆకారపు మొన వుందా? పిల్లలు సూది మొన చూసి ముచ్చటపడతారు. కానీ సూది కొసకు వేడి చాలినంత పారదు. రెండు మూడు మిల్లీమీటర్ల ఉలి మొనతో నూటికి తొంభై పనులు అవుతాయి. మూడోది, పిడి నుంచి వచ్చే తీగ మెత్తగా వుందా? బిరుసుగా వుంటే చెయ్యి లాగేస్తుంది. నాలుగోది, మూడు పుల్లల ప్లగ్గు వుందా? ప్లగ్గు పీకి, మీటరు ఒక కొస మొనకూ, రెండో కొస ప్లగ్గులోని ఎర్త్ పుల్లకూ పెడితే రెండు ఓమ్‌ల లోపు చూపాలి.

ఇంటికొచ్చాక తెలిసింది, మా గోడలో ఎర్త్ రంధ్రానికి తీగే లేదని! ఎలెక్ట్రీషియన్‌ను పిలిచి, పెరట్లో గుంత తీయించి, బొగ్గూ ఉప్పూ పోయించి ఎర్త్ పెట్టించాము. ఎండాకాలంలో ఆ గుంతకు నీళ్లు పోయడం మా ఆవిడ వంతు. స్టేషన్ మాట ఎట్లా వున్నా ఇంటిల్లిపాదికీ ఇది మేలు. మీరూ ఒకసారి చూపించుకోండి.

మాటు తీగ 60/40 రకం, అంటే అరవై పాళ్లు తగరం, నలభై పాళ్లు సీసం, 0.8 మిల్లీమీటర్ల లావుది కొన్నాం. ఇది 190 డిగ్రీల లోపే పూర్తిగా కరుగుతుంది. మొనను 330, 350 మధ్య పెట్టుకుంటే చాలు. ఐరోపాలో 2006 నుంచి ఎలెక్ట్రానిక్ సామాన్లలో సీసం వాడకాన్ని కట్టడి చేశారు. సీసం లేని తీగ దాదాపు 220 డిగ్రీలకు గాని కరగదు, కొత్తచేతికి కాస్త మొండికేస్తుంది. అందుకని సీసం తీగే తీసుకున్నా, ఇంట్లో కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాం. ఆ బల్ల మీద మురుకులు, కాఫీ గ్లాసు కనపడకూడదు. పని కాగానే సబ్బుతో చేతులు కడగాలి. తీగ ముక్కలు చంటిపిల్లల చేతికి అందకూడదు. రోజిన్ పొగ మొహానికి తగలకుండా కిటికీ దగ్గర కూర్చోవాలి. ఆపేముందు మొనకు కాస్త మాటు తీగ పూసి వదలాలి. అప్పుడు మొన నల్లబడదు, తాతలకు గరుకు కాగితంతో పని వుండదు.

ఇవన్నీ అయ్యాక ఒక ఆదివారం ఎదురింటి బావ వచ్చాడు. చేతిలో ఆ పాత బోర్డు! పారెయ్యకుండా దాచి పెట్టాడు. "పాపా, దీన్ని ఇంకొకసారి చూస్తావా?" అన్నాడు.

పిల్ల నా వంక చూసింది. నేను కిటికీ తెరిచి బల్ల చూపించాను. లేచిపోయిన రేకు చోట లావుపాటి రాగి తీగ ముక్క పరిచి, రెండు కొసలా ఆనించింది. నేను లోలోపల ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టాను. మాటు నీళ్లలా పారి మెరిసింది. బావ దాన్ని ఎలెక్ట్రీషియన్‌తో బిగించి చూశాడు. మోటారు పలికింది. ఇప్పుడది ఆయన దగ్గర తోడు బోర్డుగా వుంది. మాకేమో బుట్టెడు టమాటాలు వచ్చాయి.

ఆ బుట్ట చూసి మా ఆవిడకు హుషారు పుట్టి, అటక మీదినుంచి చిల్లుపడిన ఇత్తడి చెంబు దించింది. "దీనికీ ఒక మాటు వెయ్యవే" అంది.

"వద్దవ్వా. చెంబు వేడంతా లాగేసుకుంటుంది, నా కడ్డీ చాలదు. చాలినా వెయ్యను. దీంట్లో సీసముంది, తాగే నీళ్ల చెంబుకు తగలగూడదు" అంది పిల్ల.

మా ఆవిడ చెంబు కేసీ, పెట్టె కేసీ మార్చి మార్చి చూసింది.

"రైలు రాదు, చెంబుకు మాటు పడదు. ఏం స్టేషనే తల్లీ ఇది!" అంది.