బుల్లెట్ ఉంది సరే, పానాలు ఏవీ?

ప్రతి ఆయుధ పూజకీ మా ఇంట్లో ఒక తమాషా జరుగుతుంది. తాత బుల్లెట్‌ను కడిగి, విభూతి పట్టెలు పెట్టి, చామంతి హారం వేసి, చక్రం కింద నిమ్మకాయ పెడతాం. ఫోటో తీసి గ్రూపులో వేస్తాం. అందరూ దండాలు పెడతారు. ఆ బండిని విప్పడానికి కావలసిన ఆయుధం మాత్రం ఒక్కటీ ఇంట్లో లేదు. ఉన్నవాటిని మేమే కిలో లెక్కన గుజరీవాడికి ఇచ్చేసినాం.

ఈ మాట అంటే మా చిన్నాయనకు కోపం వస్తుంది. బండి అమ్మేద్దాం అనేది ఆయన మాట, వద్దు అనేది నాది. ఇద్దరం ఒకరి వాదన ఒకరు వినకుండా రెండేళ్లు గడిపినాం. అందుకని ఈసారి రాసి పెడుతున్నా. నేను చదివింది కన్నడ మీడియం, తెలుగు రాయడం ముప్పై దాటినాక నేర్చుకున్నది. తప్పులుంటే సర్దుకోండి.

తాత కేజీఎఫ్‌లో ఫిట్టరు. ఆ గనులు 1880 నుంచి జాన్ టేలర్ అండ్ సన్స్ చేతిలో ఉండి, 1956లో సర్కారు చేతికి వచ్చినాయి. సర్కారు మారినా మెషిన్లు అవే ఇంగ్లీషోళ్ల మెషిన్లు, వాటి బోల్టులు అవే ఇంగ్లీషు కొలతలు. బుల్లెట్ కూడా పుట్టింది ఇంగ్లండులోని రెడ్డిచ్‌లోనే. 1955లో మద్రాసుకు వచ్చినాక కూడా దాని మరలు చాలాకాలం అట్లనే ఉండిపోయినాయి. అందుకే తాతకు గనిలో పనికీ ఇంట్లో బండికీ ఒకటే పెట్టె సరిపోయింది. 2001లో గనులు మూసినారు, మేము బెంగుళూరికి మారినాం. బండి లారీలో వచ్చింది. పెట్టె బరువు ఎక్కువని గుజరీకి పోయింది. అప్పుడు నాకు పద్నాలుగేళ్లు. ఆటోలోకి ఎత్తి పెట్టినవాణ్ణి నేనే, ఇంకొకరి మీద నెట్టను.

పోయినది ఏమిటో నాకు అర్థమైంది మూడేళ్ల కిందట. బుల్లెట్‌లో ఒక నట్టుకు 13 నంబరు పానా పట్టలేదు. 14 పట్టింది, కానీ వదులు. గట్టిగా లాగితే మూలలు అరిగి నట్టు గుండ్రంగా అయిపోయింది. తరువాత వెర్నియర్ పెట్టి చూస్తే 13.3 మిల్లీమీటర్లు. అది విట్‌వర్త్ కొలత. ఆ పానా మీద 1/4 డబ్ల్యూ అని ఉంటుంది. మనం మామూలుగా చూసే పానాల మీద ఉండేది నోటి వెడల్పు. దీని మీద ఉండేది బోల్టు కాడ మందం. అది తెలియక అంగట్లో పావు అంగుళం నోరు ఉన్న పానా అడిగి నవ్వులపాలైనాను. 3/16 అంటే నోరు 11.3 మిల్లీమీటర్లు, 5/16 అంటే 15.2. ఏదీ మన మిల్లీమీటర్ పానాలకు సరిగ్గా కుదరదు. లోపలి మర కూడా వేరే. విట్‌వర్త్ మర కోణం 55 డిగ్రీలు, మిల్లీమీటర్ మర కోణం 60. కొత్త బోల్టు రెండు చుట్లు హాయిగా పోతుంది, మూడో చుట్టులో బిగుస్తుంది. అప్పుడు బలం పెడితే అల్యూమినియం కేసులో మర మొత్తం ఊడి వస్తుంది.

అసలు దెబ్బ తరువాత తగిలింది. టైమింగ్ కవర్ విప్పితే క్రాంకు షాఫ్టు చివర ఆయిల్ పంపును తిప్పే వర్మ్ నట్టు ఉంటుంది. ఆర్సీ పుస్తకంతో పాటు తాత చిన్న నోటుబుక్కు ఒకటి దొరికింది. అందులో ‘వర్మ్ నట్టు - ఎడం మర’ అని ఉంది. అన్నీ కన్నడకు దగ్గరి అక్షరాలే, చదవడం కష్టం కాలేదు. కన్నడలో మర అంటే చెట్టు. ఎడమ పక్క చెట్టు ఏమిటో, ఎవరి తోట గుర్తో అనుకొని పేజీ తిప్పేసినా! నట్టును మామూలు దిక్కులో, పైపు తగిలించి తిప్పినా. కదలకపోతే ఉలి పెట్టి సుత్తెతో కొట్టినా. నేను విప్పుతున్నా అనుకొని బిగిస్తూ ఉన్నా. సైకిల్ ఎడమ పెడల్‌కు ఎట్ల తిరగబడ్డ మర ఉంటుందో, దీనికీ అట్లనే. ఇంజను తిరిగే కొద్దీ వదులు కాకుండా బిగుసుకోవాలని పెట్టినారు. తాత రెండు మాటల్లో రాసి పెట్టిందాన్ని నేను ఒక పగలంతా సుత్తెతో కొట్టి పాడు చేసినా.

నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఆఫీసులో టెస్టు ఫెయిలైతే ముందు చూసేది మా టెస్టు మిషన్ సరిగ్గా ఉందా అని. ఇంట్లో మాత్రం బండినే తిట్టినా.

చిన్నాయన అంటాడు, ‘మెకానిక్ ఉన్నాడు కదరా, నీకెందుకు’ అని. ఉన్నారు. కానీ టైమింగ్ పినియన్ పుల్లరు, క్లచ్ పుల్లరు సొంతంగా ఉన్న మెకానిక్‌లు ఇప్పుడు పెద్దవాళ్లైనారు. వాళ్ల దగ్గర నేర్చుకున్న పిల్లలు కొత్త బండ్ల వైపు పోయినారు. పుల్లరు లేని చోట ఉలీ సుత్తీ వస్తాయి. బండిని షోరూములో వదిలినట్టు వదిలి, సాయంత్రం మెరుస్తున్న ట్యాంకు చూసి సంతోషపడేవాళ్లు కవర్ తీసి లోపల ఉలి గాట్లు ఎన్ని ఉన్నాయో ఒకసారి లెక్కపెట్టండి.

అందుకే నా వాదన ఇది: పాత బండి మీద డబ్బు పెట్టేవాళ్లు క్రోమియం, పెయింటు, కొత్త సైలెన్సర్ కంటే ముందు పనిముట్లు కొనాలి. ఎక్కువేం వద్దు. 3/16 నుంచి 1/2 దాకా విట్‌వర్త్ పానాలు, మర కొలిచే గేజి, ఆ రెండు పుల్లర్లు. స్క్రూ స్పానర్ వద్దు, నట్టును అరగదీసేది అదే. పానాలు బెంగుళూరు ఆదివారం సంతలోనూ, చెన్నై పుదుపేటలోనూ, ముంబై చోర్ బజార్‌లోనూ తుప్పు కుప్పల్లో దొరుకుతాయి. నోరు తెరుచుకుపోయినవి తీసుకోవద్దు. వెర్నియర్ జేబులో పెట్టుకొని పోవాలి, అంగడివాడు ఏమన్నా అనుకోనీ. పుల్లర్లు కొత్తవి తక్కువ ధరకు వస్తాయి. కొన్నిటి ఇనుము మెత్తన, రెండోసారికి మర ఊడిపోతుంది. ఆకురాయితో ఒకసారి గీసి చూడండి, సులభంగా కోస్తే అది మెత్తదే. నేను పీణ్యలో లేతు పనివాడి దగ్గర చేయిస్తున్నా. ఫోటో చూపిస్తే ఆయన ఒప్పుకోలేదు, ‘నమూనా తే సామీ’ అన్నాడు. ఆయన మాటే సరి.

జావా, యెజ్డీ ఉన్నవాళ్లకు పానాల బాధ లేదు. మైసూరులో చేసినా అది చెక్ బండి, అంతా మిల్లీమీటర్లే. వాళ్లకు పుల్లర్ల బాధ మాత్రం తప్పదు. ఆర్‌ఎక్స్ 100 వాళ్లకు స్క్రూడ్రైవర్ బాధ. జపాన్ స్క్రూల తలలో గాడి వేరే రకం, మామూలు ఫిలిప్స్ పెడితే పైకి తన్నుకొని వచ్చి తల చెడిపోతుంది.

బండి అమ్మినా నాకు ఇప్పుడు అంత బాధ లేదు. చిన్నాయన చూసిన మనిషి దగ్గర ఈ పనిముట్లు ఉన్నాయంటే, మా ఇంట్లో హారం వేసుకొని నిలబడేదానికంటే అక్కడ తిరగడమే మేలు. లేవంటే ఇవ్వొద్దు. ఈ షరతుకు ఆయన ఇంకా అవుననలేదు, కాదనలేదు.

కోలారు, హోసూరు, చెన్నై వైపు మన ఇళ్లల్లో అటకల మీద ఇట్లాంటి పెట్టెలు ఇంకా ఉండవచ్చు. దసరాకు ఇల్లు దులిపేటప్పుడు డబ్ల్యూ అని గీసిన పానా కనిపిస్తే తూకానికి వేయకండి. నాకు ఒక మాట చెప్పండి, కొరియర్ ఖర్చు నాది. వర్మ్ నట్టు కొత్తది వచ్చి నెలైంది. పినియన్ పుల్లరుకే ఇంకా నమూనా దొరకలేదు.