దాహము వేయకముందే ఒక గ్లాసు కీరా నీళ్ళు



మామిడి పిందెలు కాయలయ్యే వేళకు మన ఊళ్ళలో ఎండ ముదురుతుంది. పిల్లలకు ఒంటిపూట బడులు మొదలవుతాయి. పెద్దల పనులకు మాత్రము ఒంటిపూట లేదు. మిరప కోతలు, దాళ్వా వరి కోతలు, చెరువు మట్టి పనులు అన్నీ ఆ ఎండలోనే జరగాలి. అందుకని ఈ నెల మన శీర్షికలో ఖర్చు, శ్రమ రెండూ తక్కువైన ఒక పానీయమును గూర్చి వ్రాస్తున్నాము. అది కీరా దోసకాయ ముక్కలు వేసిన చల్లని నీళ్ళు.

"ఇందులో వ్రాయడానికి ఏమున్నది? నీళ్ళలో నాలుగు ముక్కలు వేయడమే గదా!" అని మీరు అనవచ్చు. నిజమే, చేయడము సులువే. అయితే ఈ నీళ్ళు ఎందుకు త్రాగాలో, ఎవరికి ఇవి చాలవో, ఎప్పుడు వీటిని నమ్ముకొని కూర్చోకూడదో ప్రతి ఇంటిలోను తెలిసి ఉండాలి. 2003 మే నెలలో వచ్చిన వడగాడ్పులకు అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యిమందికి పైగా చనిపోయారు. 2015 వేసవిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో కలిపి 1,500 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. ఎండలో పనిచేసే కూలీలు, వయసు మళ్ళినవారు ఇటువంటి వడగాడ్పులకు ముందుగా బలి అవుతారు. అంటే మన ఇళ్ళలోని వారే.

నీళ్ళు ఉండి కూడా ఎందుకు త్రాగము?

కుండ నిండా నీళ్ళుంటాయి, ఎవరూ ముట్టరు. చాలా ఊళ్ళలో బోరు నీళ్ళు ఉప్పగా, చప్పగా ఉంటాయి. పిల్లలు ఆటలో పడి మరచిపోతారు. ముసలివారికి వయసుతోపాటు దాహము తెలియడము కూడా తగ్గుతుంది. నాలుక తడి ఆరేవరకు అడగరు, అడిగేసరికి ఒంట్లో నీరు చాలవరకు తగ్గి ఉంటుంది. ఇటువంటి వారి ముందు కమ్మని వాసన ఉన్న చల్లని నీళ్ళు పెడితే ఒక గ్లాసు త్రాగేవారు రెండు గ్లాసులు త్రాగుతారు. కీరా నీళ్ళ వలన కలిగే అసలు మేలు ఇదే. మేలు చేసేది నీరు. కీరా ముక్క ఆ నీటిని నోటికి చేరుస్తుంది.

ఇంకొక కారణము ఉన్నది. దానిని గూర్చి మనము పైకి చెప్పుకోము. చేలో పనిచేసే స్త్రీలు బయటికి వెళ్ళడానికి చాటు లేక, కావాలనే నీళ్ళు త్రాగడము మానుకుంటారు. ఉదయము ఆరు గంటలకు వెళ్ళి మధ్యాహ్నము రెండు గంటల వరకు అలాగే ఉంటారు. మూత్రములో మంట, నడుము నొప్పి, కళ్ళు తిరగడము ఇందులోనుండే వస్తాయి. వీరికి కీరా నీళ్ళు ఇచ్చినా త్రాగరు. కాబట్టి కూలీలను పిలిచే రైతు సోదరులకు మా మనవి ఏమంటే, నీళ్ళ కుండ పెట్టినప్పుడే గట్టు మీద నాలుగు గుంజలు పాతి, తాటాకులో పాత పట్టాలో కట్టి ఒక చాటు ఏర్పాటు చేయండి. ఇది కూడా నీళ్ళు ఇచ్చినట్టే.

ఏ కాయ తీసుకోవాలి?

మనము పప్పులో, పచ్చడిలో వేసుకొనే గుండ్రని పసుపు దోసకాయ దీనికి పనికిరాదు. అది ఖర్బూజ జాతికి చెందినది, పులుపు ఉంటుంది. పచ్చిగా, పొడవుగా ఉండే కీరా దోసకాయనే తీసుకోవాలి. అరణ్యములో ఇశ్రాయేలీయులు జ్ఞాపకము చేసికొన్న వాటిలో కీరకాయలు కూడా ఉన్నవని సంఖ్యాకాండము 11వ అధ్యాయము చదివినవారికి తెలుసు. అయితే ఆనాడు ఐగుప్తులో పండినది నేటి కీరా కాదనీ, పొడవుగా పెరిగే ఖర్బూజ జాతి కాయ అనీ కొందరు వృక్షశాస్త్రజ్ఞుల అభిప్రాయము. కీరా పుట్టినిల్లు మన దేశమే. హిమాలయ పర్వతాల దిగువ ప్రాంతాలలో దాని అడవి జాతి నేటికీ పెరుగుతుంది.

కీరాలో నూటికి 95 వంతులు నీరే. లేతగా, గట్టిగా, ముదురాకుపచ్చ రంగులో ఉన్నవి ఎంచుకోండి. పసుపు తిరిగిన వాటిలో గింజ ముదిరి ఉంటుంది. పాదుకు నీరు చాలక ఎండకు వాడితే కాయ చేదెక్కుతుంది. ఆ చేదు తొడిమ వైపు ఎక్కువగా ఉంటుంది. అందుకని రెండు కొనలూ కోసివేసి, ఒక చిన్న ముక్క నోట వేసుకొని చూడండి. చేదు బాగా తగిలితే ఆ కాయను పారవేయండి. అటువంటి కాయ కడుపునొప్పి, వాంతులు తెస్తుంది.

కావలసినవి (ఎనిమిది, పది గ్లాసులకు)

మరిగించి చల్లార్చిన నీళ్ళు 2 లీటర్లు, మధ్యరకము కీరా 1, నిమ్మకాయ 1, పుదీనా ఆకులు 10 లేక 12. ఇష్టమైతే దంచిన చిన్న అల్లము ముక్క. పంచదార అవసరము లేదు.

తయారు చేయు విధానము

నీళ్ళు తెర్లిన తరువాత కనీసము ఒక నిమిషము మరగనిచ్చి, మూత పెట్టి చల్లార్చండి. వాటిని కడిగిన మట్టి కుండలో పోసి రాత్రంతా ఉంచితే ఉదయానికి చల్లబడతాయి. కుండ గోడలలోని సన్నని రంధ్రాల గుండా నీరు బయటికి ఊరి, ఆవిరైపోతూ లోపలి వేడిని తీసుకొనిపోతుంది. కుండను గాలి తగిలే నీడలో ఉంచాలి అని పెద్దలు చెప్పేది ఇందుకే.

కీరాను, నిమ్మకాయను, పుదీనాను ధారగా పడే నీళ్ళలో చేతితో రుద్ది కడగండి. బజారులో కొన్న కీరా అయితే తొక్క తీసివేయడము మంచిది. పెరటిలో కాసినదైతే తొక్కతోనే వాడవచ్చును. కీరాను పలుచని చక్రాలుగా తరగండి. నిమ్మకాయను గింజలు తీసి చక్రాలుగా కోయండి. పుదీనాను అరచేతుల మధ్య కొద్దిగా నలపండి, వాసన దిగుతుంది.

ఇప్పుడు కుండలోని నీళ్ళను స్టీలు పాత్రలోనికి గాని గాజు జాడీలోనికి గాని వంపుకొని అందులో ఈ ముక్కలు వేయండి. ముక్కలను కుండలోనే వేయవద్దు. వాటి రసము కుండ రంధ్రాలలో చేరి జిగురు, వాసన పడతాయి. నిమ్మ పులుపు తగులుతుంది గనుక రాగి, ఇత్తడి పాత్రలు కూడా వద్దు. మూత పెట్టి అరగంట నుండి గంట వరకు ఉంచి ముక్కలు తీసివేయండి. తీసిన కీరా ముక్కలను అప్పుడే ఉప్పు, మిరియాల పొడి చల్లి పిల్లలకు పెట్టవచ్చును.

ఫ్రిజ్ లేని ఇంటిలో ఈ నీళ్ళను రెండు గంటలలోపు త్రాగివేయాలి. ఎండాకాలము కోసిన కూరగాయ ముక్క త్వరగా చెడిపోతుంది. ఫ్రిజ్ ఉన్నవారు రెండు మూడు గంటలు నాననిచ్చి, ముక్కలు తీసివేసి, ఆ రోజే వాడుకోవాలి. నిన్నటి నీళ్ళలో నేటి ముక్కలు కలపవద్దు. చేనికి తీసుకొనిపోయేవారు ముక్కలు లేకుండా వడకట్టి తీసుకొనిపోయి మొదటి విరామములోనే ముగించండి. మిగిలిన పూటకు మామూలు మంచినీళ్ళు ఉంచుకోండి.

కూడికలలో ఇవ్వాలంటే

మంచి శుక్రవారము మధ్యాహ్నము మూడు గంటలపాటు మందిరములో కూర్చుంటాము. మే నెలలో పెండ్లిండ్లు, పిల్లల సెలవు బడులు ఉంటాయి. నూరుమందికి తలా ఒక గ్లాసు ఇవ్వడానికి 20 లీటర్ల నీళ్ళు, 10 కీరాలు, 10 నిమ్మకాయలు, మూడు కట్టల పుదీనా సరిపోతాయి. త్రాగడానికి అరగంట ముందే ముక్కలు వేయండి. చేపలకు వాడే ఐసు దిమ్మలను ఇందులో వేయకండి. ఆ ఐసు ఏ నీటితో చేశారో మనకు తెలియదు. గ్లాసు ముంచి తీయకుండా కాడ ఉన్న గరిటెతోనో, కుళాయి ఉన్న డ్రమ్ముతోనో పోయండి. ఒకరి చేతి మురికి నూరుమంది కడుపులోనికి పోకూడదు.

ఈ నీళ్ళు చేయనివి

కీరా నీళ్ళు ఒంటిలోని విషాలను కడిగివేస్తాయనీ, లావు కరిగిస్తాయనీ చెప్పేవారున్నారు. ఆ మాటలు నమ్మకండి. రక్తమును శుభ్రపరచే పని దేవుడు మూత్రపిండాలకు, కాలేయానికి అప్పగించాడు. వాటికి కావలసినది చాలినంత నీరు. సీసా కూల్‌డ్రింకు 200 మిల్లీలీటర్లలో సుమారు 20 గ్రాముల పంచదార, అంటే నాలుగైదు చెంచాలు ఉంటుంది. దానికి బదులుగా కీరా నీళ్ళు త్రాగితే అంత పంచదార తప్పినట్టే. చక్కెర వ్యాధి ఉన్నవారికి ఇది మంచి మార్పు.

మరిగిస్తే క్రిములు చస్తాయి గాని ఫ్లోరైడ్ పోదు. నల్గొండ, ప్రకాశం జిల్లాలలోవలె ఫ్లోరైడ్ ఉన్న చోట్ల కీరా వేసినా, నిమ్మ వేసినా ఆ నీరు మారదు. అక్కడివారు శుద్ధి చేసిన నీటితోనే దీనిని చేసుకోవాలి.

చెమట కారేలా పనిచేసేవారికి నీటితోపాటు ఉప్పు కూడా పోతుంది. కీరా నీళ్ళలో ఉప్పు లేదు. కాబట్టి వారికి ఉప్పు వేసిన పలుచని మజ్జిగ, రాగి అంబలి, గంజి కూడా ఇవ్వండి. ఆరు నెలలు నిండని చంటిబిడ్డలకు ఎంత ఎండ ఉన్నా తల్లిపాలే ఇవ్వాలి. కీరా నీళ్ళు కాదుగదా, మామూలు నీళ్ళు కూడా వద్దు. బిడ్డకు మాటిమాటికి పాలిచ్చి తల్లి నీళ్ళు త్రాగాలి. గుండె, మూత్రపిండాల జబ్బుతో డాక్టరు నీళ్ళు కొలిచి త్రాగమన్నవారు ఆ కొలత దాటకూడదు.

విరేచనాలు, వాంతులు అవుతుంటే ఓ.ఆర్.ఎస్. పొట్లమే కావాలి. అది దొరికేలోపు ఒక లీటరు మరిగించి చల్లార్చిన నీటిలో ఆరు సమమైన టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా ఇవ్వండి. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరములో కలరా వ్యాపించి సెలైను చాలనప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఇటువంటి ఉప్పు, చక్కెర నీళ్ళతోనే ఎంతోమందిని బ్రతికించారు.

వడదెబ్బ తగిలితే

ఒళ్ళు కాలిపోతూ, మాట తడబడుతూ, మనిషి మత్తుగా ఉంటే అది వడదెబ్బ. అప్పుడు కీరా నీళ్ళు కలుపుతూ కూర్చోవద్దు. వెంటనే నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్ళంతా తడిపి విసరండి. మెడ, చంకలు, గజ్జలలో తడిగుడ్డలు పెట్టండి. 108కి ఫోను చేయండి. స్పృహ లేనివారి నోటిలో ఏమీ పోయకూడదు. అది ఊపిరి గొట్టములోనికి పోతుంది.

ఒంటికి నీరు చాలినదో లేదో తెలుసుకోవడానికి పరీక్షలు అక్కరలేదు. మూత్రము లేత గడ్డి రంగులో ఉంటే చాలినట్టు. ముదురు పసుపుగా వస్తే ఇంకా త్రాగాలి. ఈ గుర్తు పిల్లలకు కూడా నేర్పండి.

తల్లులారా, ఈ వేసవిలో మీ ఇంట ఉదయమే ఒక జాడీ కీరా నీళ్ళు కలిపి అందరికీ కనబడే చోట పెట్టండి. మంచము మీద ఉన్న పెద్దవారికి, "దాహమా?" అని అడగక, గంటకొకసారి గ్లాసు చేతికి అందించండి. అందరికీ పోసి మీరు మరచిపోవడము మన ఇళ్ళలో అలవాటు. మీ గ్లాసు కూడా నింపుకోండి.