పెరటి కోడిపిల్లల గుర్తింపు: విత్తన సంచి నేర్పే పాఠం

సమగ్ర వ్యవసాయ పద్ధతులలో పెరటి కోళ్లను ఒక అంగంగా చేర్చి, కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల రైతు కుటుంబాలకు కోడిపిల్లలను అందించడం నేడు విస్తరణ కార్యక్రమాలలో భాగమైనది. పిల్లలను అందుకున్న గృహిణి ముఖ్యంగా అడిగేవి రెండు ప్రశ్నలు. వీటిలో పెట్టలెన్ని? ఇవి ఏ జాతివి? ఈ రెండింటికీ మనమిచ్చే సమాధానాలు అనేక సందర్భాలలో శాస్త్రపరీక్షకు నిలువవని నా అభిప్రాయం.

లింగ నిర్ధారణను ముందుగా పరిశీలిద్దాం. రెక్క ఈకల పొడవును బట్టి ఒక రోజు వయసు పిల్లలలో ఆడ, మగలను వేరు చేయవచ్చునని విద్యార్థులకు బోధిస్తున్నాము. అయితే ఈ పద్ధతి అన్ని కోళ్లకూ వర్తించదు. ఈకలు నెమ్మదిగా పెరిగే గుణానికి కారణమైన జన్యువు జెడ్ క్రోమోజోముపై ఉంటుంది. తండ్రి త్వరగా ఈకలు వచ్చే వంశానికి, తల్లి నెమ్మదిగా వచ్చే వంశానికి చెందినప్పుడే ఆడపిల్లల రెక్క ఈకలు పొడవుగా, మగపిల్లలవి పొట్టిగా కనిపిస్తాయి. పలు రకాలు కలిసిపోయిన ఊరి మందలో ఈ తేడాను నమ్మడానికి వీలులేదు. జపాన్ శాస్త్రవేత్తలు గత శతాబ్దపు తొలి దశాబ్దాలలో రూపొందించిన మలద్వార పరీక్షకు దీర్ఘకాల శిక్షణ అవసరం. కనుక గ్రామస్థాయిలో ఓపికతో వేచి చూడడమే ఉత్తమం. ఆరు నుండి ఎనిమిది వారాల వయసులో పుంజుపిల్లల తురాయి ఎర్రబడి పెరుగుతుంది. అసీల్ కోళ్లలో తురాయి బఠానీ ఆకారంలో చిన్నదిగా ఉండడం వల్ల ఈ గుర్తు కూడా పొరపాటుకు దారితీయవచ్చు. మెడపైన, తోక మొదట సన్నని, మొన తేలిన, నిగనిగలాడే ఈకలు వచ్చే వరకు ఆగితే నిర్ధారణ తేలిక.

ఈ విషయం చిన్నది కాదు. లింగం వేరు చేయని పది పిల్లలను ఇచ్చినప్పుడు, ఆడ, మగలు సమానంగా పుడతాయనుకున్నా, పెట్టలు మూడు లేదా అంతకంటే తక్కువగా వచ్చే అవకాశం సుమారు 17 శాతం. అంటే దాదాపు ఆరు కుటుంబాలలో ఒకటి, పిల్లలన్నీ బ్రతికినా, గుడ్లపై పెట్టుకున్న ఆశను వదులుకోవలసి వస్తుంది.

జాతి విషయంలో మరింత జాగ్రత్త అవసరం. కాకి, డేగ, నెమలి, సేతువ వంటివి ఈకల రంగును బట్టి వచ్చిన పేర్లే గాని జాతులు కావు. హైదరాబాదులోని కోళ్ల పరిశోధన సంచాలనాలయం రూపొందించిన వనరాజ, గ్రామప్రియ కోళ్లు కూడా రంగుల ఈకలతోనే ఉంటాయి. రంగును చూసి వాటిని నాటుకోడి నుండి వేరు చేయబోతే పొరబడతాము. జాతిని నమ్మకంగా తెలిపేది పిల్ల రూపం కాదు, దాని తల్లిదండ్రుల వివరం. పైగా ఈ అభివృద్ధి చేసిన రకాలు ఊరి పుంజులతో కలిసినప్పుడు తరువాతి తరంలో అదే గుడ్ల దిగుబడి నిలవదు.

ఈ సూత్రం కరీంనగర్ రైతుకు కొత్తది కాదు. హైబ్రిడ్ వరి విత్తనోత్పత్తి చేసే రైతుకు ఆడ వరుస ఏది, మగ వరుస ఏది అన్నది తెలుసు. హైబ్రిడ్ పంట గింజను మళ్లీ విత్తనంగా వాడరాదనీ తెలుసు. రకం పేరు, మొలక శాతం తెలిపే లేబుల్ లేని సంచిని అతడు కొనడు. 1966 నాటి విత్తన చట్టం ఆ హక్కును అతనికి కల్పించినది. అదే కుటుంబానికి కోడిపిల్లలను మాత్రం ఏ వివరమూ లేకుండా అట్టపెట్టెలో అందిస్తున్నాము.

కావున పంపిణీ చేసే ప్రతి పెట్టెతోపాటు తెలుగులో ఒక చీటీ ఉండాలి. రకం, పొదిగిన తేదీ, లింగం వేరు చేశారా లేదా, వీటి సంతతిని మళ్లీ పెంచవచ్చునా అన్న నాలుగు వివరాలు అందులో చాలు. లింగం వేరు చేసిన పిల్లలకు ఖర్చు కొంత పెరుగుతుందన్న అభ్యంతరం సహేతుకమే. అయితే వేరు చేయలేదని నిజం చెప్పడానికి ఖర్చు లేదు. అలా చెప్పినచోట పది పిల్లలకు బదులు పన్నెండు ఇవ్వడం, లేదా రెండు నెలల తరువాత పొరుగు కుటుంబాల మధ్య పుంజులను, పెట్టలను మార్పిడి చేయించడం సాధ్యమే.

తెలియని విషయాన్ని తెలియదని చెప్పడం విస్తరణ శాస్త్రవేత్తకు లోపం కాదు. పుంజును పెట్ట అని చెప్పి ఇచ్చిన మరుసటి సంవత్సరం, మనం విత్తనం గురించి చెప్పే మాటను కూడా ఆ ఇల్లు సందేహిస్తుంది.