కులం గోడ మీద, రోస్టరు బీరువాలో

అడ్మిషన్ల కాలం వచ్చిందంటే కాలేజీ గోడల మీద మన పిల్లల పేర్లు కనపడతాయి. పేరు, తండ్రి పేరు, ర్యాంకు, ఆ పక్కనే ఎస్సీ అని కేటగిరీ. కొన్నాళ్లకి స్కాలర్‌షిప్ లిస్టు. ఆ తర్వాత ఫీజు రీయింబర్స్‌మెంట్ రాని వాళ్ల లిస్టు. ఒకప్పుడు నోటీసు బోర్డు దాకా పోయినవాడే చదివేవాడు. ఇప్పుడు ఎవడో ఫోనుతో ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పడేస్తాడు. పిల్ల హాస్టల్లో ఇంకా ట్రంకుపెట్టె కూడా దించలేదు, ఆమె కులం బెంచీ బెంచీకీ తెలిసిపోయింది. మొదటి రోజే "నీకెంత ర్యాంకు?" అని అడిగేవాడికి కావలసింది ర్యాంకు కాదు.

ఇంత చిన్న విషయానికి సంపాదకీయమా అని మన కార్యకర్తలే కొందరు అనొచ్చు. చిన్నది కాదు. ఢిల్లీ ఎయిమ్స్‌లో దళిత, ఆదివాసీ విద్యార్థుల పరిస్థితి మీద 2007లో థోరట్ కమిటీ నివేదిక ఇచ్చింది. వైవాలో కూర్చున్న పరీక్షకులు కులం కూపీ లాగుతారని విద్యార్థులు దాంట్లో చెప్పుకున్నారు. 2023లో ఒక దళిత విద్యార్థి చనిపోయిన కొద్ది నెలలకి ఐఐటీ బొంబాయి కొన్ని మార్గదర్శకాలు విడుదల చేసింది. తోటి విద్యార్థిని జేఈఈ ర్యాంకు గానీ, గేట్ స్కోరు గానీ, కులం బయటపెట్టే మరే సంగతి గానీ అడగడం తగదని వాటిలో రాసింది. ర్యాంకు అడగడమంటే కులం అడగడమేనని అంత పెద్ద సంస్థ కాగితం మీద ఒప్పుకున్నట్టే కదా! మరి విద్యార్థి అడగకూడని దాన్ని ఆఫీసే గోడకి అతికిస్తే దాన్నేమనాలి?

"అయితే కులం దాచుకోమంటారా?" అని మమ్మల్ని నిలదీసే వాళ్లున్నారు. లేదు. 1994లో దండోరా మొదలైనప్పుడు పేరు చివర మాదిగ అని తగిలించుకుని తలెత్తి తిరిగిన జాతి మనది. కానీ మన నోటితో మనం చెప్పుకోవడం వేరు, మనల్ని అడక్కుండా ఇంకొకడు టముకు వేయడం వేరు. అమెరికాలో చదివొచ్చిన బాబాసాహెబ్ అంతటి వాడికే బరోడాలో ఇల్లు దొరకలేదు. పార్శీ పేరుతో ఒక సత్రంలో తలదాచుకున్నాడు. సంగతి బయటపడగానే కర్రలు పట్టుకొచ్చి ఖాళీ చేయించారు. ఆయనకి కులం చెప్పుకునే ధైర్యం లేకనా? ఎక్కడ చెప్పాలో, ఎప్పుడు చెప్పాలో తేల్చుకోవలసింది ఆ మనిషే. హక్కు అంటే ఇదే.

2016 జనవరి 17న హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రోహిత్ వేముల చనిపోయాడు. ఆ చావుకి ఎవరు బాధ్యులు అన్న ప్రశ్న పక్కకి పోయింది, అతను అసలు ఎస్సీయా కాదా అన్నది ముందుకొచ్చింది. కమిషన్లు, కలెక్టరు విచారణలు, 2024లో పోలీసుల ముగింపు నివేదిక, అన్నిట్లోనూ ఆ తల్లి పుట్టుక, పెంపకం, కాపురం విప్పి పరిచారు. న్యాయం అడిగిన పేదవాడికి గుట్టు అనేది ఉండనివ్వరు.

చట్టం ఏమంటోంది? వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టులో సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జిలు పుట్టస్వామి కేసులో ఒక్క మాటగా చెప్పారు. 2018 ముసాయిదాలోనూ, 2019 బిల్లులోనూ కులం, తెగ అనేవి ప్రత్యేకంగా కాపాడవలసిన సున్నితమైన సమాచారం అని రాశారు. 2023లో చట్టం అయ్యేసరికి ఆ వర్గీకరణే మాయమైంది. ఫోన్ నెంబరు ఎంతో కులమూ అంతే! సమాచారం భద్రంగా ఉంచని సంస్థకి 250 కోట్ల దాకా జరిమానా అన్నారు. వినడానికి బాగుంది. ఆ డబ్బు పోయేది సర్కారు ఖజానాకి, నష్టపోయిన పిల్లకి కాదు. పసలేని ఫిర్యాదు అని తేలిస్తే మాత్రం ఆ పిల్లకే 10,000 దాకా జరిమానా పడొచ్చు. నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి. సంస్థల ముఖ్యమైన బాధ్యతలకి 18 నెలల గడువు ఇచ్చారు.

గడువు లేకుండా అదే నవంబరులో అమల్లోకి వచ్చింది ఇంకొకటుంది. అదే అసలు దెబ్బ. ఈ చట్టం తోకలో పెట్టి 2005 సమాచార హక్కు చట్టం సెక్షన్ 8(1)(జె)ని మార్చేశారు. ఇంతకు ముందు ప్రజా వ్యవహారాలతో సంబంధం లేని వ్యక్తిగత సమాచారాన్ని మాత్రమే ఆపేవాళ్లు. దాంట్లో కూడా ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వాల్సిందే. ఇప్పుడు వ్యక్తిగతం అంటే చాలు, తలుపు మూసేయొచ్చు. యూనివర్సిటీలో ఎస్సీ బ్యాక్‌లాగ్ పోస్టు ఎవరితో నింపారు, ఇంటర్వ్యూలో ఎవరికెన్ని మార్కులేశారు, రోస్టరులో మన పాయింటు ఏమైంది అని అడిగామనుకోండి. "అది అభ్యర్థుల వ్యక్తిగత సమాచారం, ఇవ్వం" అంటారు. మన పిల్లల కులం గోడ మీద ఉన్నన్నాళ్లూ గుర్తురాని గోప్యత, రోస్టరు అడగ్గానే గుర్తొస్తుంది.

అమెరికాలో 1974లోనే విద్యార్థి రికార్డుల మీద చట్టం వచ్చింది. సర్కారు సొమ్ము తీసుకునే విద్యాసంస్థ ఏదైనా విద్యార్థి ఒప్పుకోకుండా పేరుతో సహా మార్కులు గోడకెక్కించకూడదు. విద్యార్థి తన ఫైలు చూస్తానంటే 45 రోజుల్లో చూపించాలి. అక్కడ చదివే మన తెలుగు పిల్లలకి ఉన్న ఈ పాటి మర్యాద ఇక్కడి పిల్లలకి ఎందుకు ఉండకూడదు?

రిజర్వేషన్ సక్రమంగా అమలైందో లేదో చూడాలంటే లిస్టు కావాలి, నిజమే. లిస్టు పెట్టొద్దని మేం అనడం లేదు. హాల్ టికెట్ నెంబరు, మార్కులు, సీటు ఏ కోటాలో ఇచ్చారో పెట్టండి. లెక్క సరిచూసుకోవడానికి అది చాలు. పేరూ, తండ్రి పేరూ అక్కర్లేదు. స్కాలర్‌షిప్ సంగతి ఆ విద్యార్థికే ఫోనులో చెప్పండి. 2025లో రెండు రాష్ట్రాల్లోనూ ఎస్సీ వర్గీకరణ వచ్చింది. ఇంక ఎస్సీ అన్న మాట పక్కన గ్రూపు కూడా చేరుతుంది, కులం మరింత విప్పి చెప్పినట్టవుతుంది. కాబట్టి ఈ పని ఇప్పుడే జరగాలి.

ఇక మనం చేయాల్సింది. పేర్లతో లిస్టు కనపడితే ప్రిన్సిపాలుకి రాసివ్వండి, దరఖాస్తు మీద ముద్ర వేయించుకోండి. నోటిమాటతో వదిలేయొద్దు. రోస్టరు కోసం సమాచార హక్కు దరఖాస్తు పెట్టేటప్పుడు సెక్షన్ 8(2) అని తప్పక రాయండి. దాన్నింకా తీసేయలేదు. కలిగే హాని కన్నా ప్రజాప్రయోజనం ఎక్కువైతే సమాచారం ఇవ్వొచ్చని అది చెప్తుంది. పేర్లు కొట్టేసి మిగతాది ఇమ్మని కూడా అడగండి, సెక్షన్ 10 అందుకే ఉంది. తెల్లకార్డు జెరాక్స్ పెడితే ఫీజు లేదు. 30 రోజుల్లో జవాబు రాకపోతే అప్పీలుకి పోవాలి. నీ జవాబుపత్రం నీకు చూపించమని అడిగే హక్కు ఉందని 2011లో సుప్రీంకోర్టే చెప్పింది. మార్కుల దగ్గర అనుమానం ఉన్న పిల్లలు దాన్ని కూడా వాడుకోవాలి.

వచ్చిన జవాబులు, తిరగ్గొట్టిన కాగితాలు మాకు పంపండి, వచ్చే సంచికల్లో వేస్తాం. పంపే ముందు పిల్లల పేర్ల మీద నల్లసిరా పూయండి.